పూజలో ఉన్న పానాలు

నా లోపల ఒక శబ్దం ఉంది. చాలా ఏళ్ళుగా ఉంది. పెద్దదేమీ కాదు, టక్ అని ఒక్కసారి. దాన్ని ఒక దసరా పొద్దున విన్నాను. విని, విననట్టు నిలబడ్డాను. అలా నిలబడినందుకు ఒక మనిషి ప్రాణం పోయింది, ఇంకో మనిషి బతుకు పాడైంది, నేను మాత్రం రోజూ పొద్దున్నే షెడ్డు తెరిచి, టీ తాగి, పని చేసుకుంటూ వచ్చాను. ఈ బరువు సంగతి ఈమధ్య దాకా ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా చెప్పలేదు. ఇప్పుడు నా కుడి చెవి దాదాపు పోయింది, ఇంట్లో ప్రతి మాటా రెండుసార్లు అనిపించుకుంటాను. కానీ పక్కింట్లో ఎవరైనా తలుపు గడియ వేస్తే ఉలిక్కిపడతాను. ఆ ఒక్క శబ్దానికి నా చెవుడు అడ్డం రాదు.

మీకు నా పేరు చెప్పను. పేరుతో సహా ఎవరికి చెప్పాలో వాళ్ళకు చెప్పడం ఈమధ్యే మొదలుపెట్టాను, ఆ సంగతి చివర్లో వస్తుంది. మీరు నన్నెరగరు. నేను మిమ్మల్నెరగను. అందుకే మీ ముందు మొత్తం చెప్పగలనేమో అనిపిస్తోంది. మధ్యలో నేను నన్ను వెనకేసుకొస్తున్నట్టు కనిపిస్తే నమ్మకండి. ఆ పనిలో నాకు చాలా అలవాటుంది.

నేను కార్ల మెకానిక్‌ని. వరంగల్‌లో నర్సంపేట వైపు పోయే రోడ్డు పక్కన నాదొక రేకుల షెడ్డు. ఒకప్పుడు నాకు పేరుండేది. చెవి పేరు. బండి షెడ్డు ముందుకు రాకముందే దాని రోగం చెప్తానని జనం అనుకునేవాళ్ళు. నిజంగానే చెప్పేవాణ్ణి. బేరింగు మూలుగు వేరు, బెల్టు కూత వేరు, బుష్షులు అరిగితే వచ్చే గరగర వేరు. ఆ పేరు నాకెంత ఇష్టమో రాస్తుంటే సిగ్గేస్తోంది. కొత్త గిరాకీ వస్తే కావాలనే బానెట్ ఎత్తేవాణ్ణి కాదు. ఇంజను వేయమని, కళ్ళు మూసుకుని, తల ఒక పక్కకు వంచి నిలబడేవాణ్ణి. ఒట్టి నాటకం. చుట్టూ నలుగురు చూడాలి, చూసి ముక్కున వేలేసుకోవాలి. అదే నాకు కావలసింది.

యాకయ్య మా గల్లీవాడే. నాకంటే చిన్నవాడు, అన్నా అని పిలిచేవాడు. వాడికి స్టీరింగు పట్టడం నేర్పింది నేనే. చేతులు మారి మారి వచ్చిన ఒక పాత తెల్ల కారు కొనుక్కుని కిరాయికి నడిపేవాడు. పెళ్ళిళ్ళకు, దవాఖానలకు, ధర్మసాగర్ చెరువు దగ్గరికి పిల్లలను తిప్పుకొచ్చేవాళ్ళకు. వాడి భార్య సరోజన. నన్ను బావా అని పిలిచేది. సర్వపిండి చేసినప్పుడల్లా నా కోసం ఒకటి కారం ఎక్కువేసి విడిగా కాల్చి పంపేది. వాళ్ళకు ఒక్కతే కూతురు, మౌనిక. అప్పుడు బడికి పోయే వయసు. నేను ఆ పిల్లకు పెద్దబాపుని.

ఆ ఏడు బతుకమ్మ మొదలైన రోజుల్లో యాకయ్య కారులో చప్పుడు మొదలైంది. ముందు చక్రాల్లో కుడివైపుది. నున్నటి రోడ్డు మీద ఏమీ లేదు. గుంతల్లో మెల్లగా పోతే లొడలొడ, కటకట. వాడు కారు తెచ్చి, "అన్నా, జర చెవి పెట్టు" అన్నాడు. పెట్టాను. ఇంతేనా అనుకున్నాను. నంబరు ప్లేటు వదులుగా ఉంది, బిగించాను. చప్పుడు తగ్గింది కానీ పోలేదు. మరునాడు హారను పట్టీ బిగించాను. ఆ తర్వాత బానెట్ కింది రబ్బర్లు మార్చాను. బ్రేకు ప్యాడ్ల క్లిప్పులు సరిచేశాను. షాకప్ పైన ఉండే గిన్నె మార్చాను. ముందు రెండు చక్రాలనూ కలిపే స్టెబిలైజర్ కడ్డీకి కొత్త బుష్షులు వేశాను. పట్టుకున్న ప్రతిదీ నిజంగా చప్పుడు చేసేదే. తీసేసిన ప్రతిసారీ దాని వెనక దాక్కున్న ఇంకోటి వినపడేది.

బాల్ జాయింట్ కూడా చూశాను. ఈ మాట తెలియనివాళ్ళకు చెప్తాను. చక్రాన్ని కింది ఇనుప ఆర్మ్‌కు పట్టి ఉంచే గుండు కీలు అది. మన భుజంలో ఎముక గుండు దాని గూట్లో కూర్చున్నట్టు, ఇనుప గుండు ఇనుప గూట్లో కూర్చుని తిరుగుతుంది. అరిగి గుండు గూడు వదిలితే చక్రం పక్కకు వాలిపోతుంది, ఇక స్టీరింగు పట్టుకున్నవాడి చేతిలో ఏమీ ఉండదు. నేను జాకీ పెట్టి కుడి చక్రం ఒక్కటే లేపాను. సబ్బలుతో, అంటే గడ్డపారతో, ఎత్తి చూశాను. కదల్లేదు. బాగుందన్నాను. ఒకవైపే లేపితే స్టెబిలైజర్ కడ్డీ ఆర్మ్‌ను గట్టిగా లాగి పట్టుకుంటుంది, అరిగిన గుండు కూడా బిగుతుగానే కనిపిస్తుంది. రెండు చక్రాలూ లేపి చూడాలి. నాకు తెలియదా? తెలుసు. కానీ చెవి ఉన్నవాడికి అంత శ్రమ ఎందుకు అనుకునే రోజులవి.

రోడ్డవతల కరీం భాయ్ షెడ్డు. నాకంటే పెద్దవాడు, తక్కువ మాట్లాడతాడు, పని మెల్లగా చేస్తాడు. ఒకరోజు టీ కొట్టు దగ్గర అందరూ ఉండగా యాకయ్య కారు గుంతలో పడి లేచింది. కరీం భాయ్ గ్లాసు దించి, "ఉస్తాద్, అది బాల్ జాయింట్. ఇప్పి చూడు" అన్నాడు. ఎగతాళిగా అనలేదు. మామూలుగానే అన్నాడు. కానీ పక్కన ఉన్నవాళ్ళు నవ్వారు. నాకు ఒళ్ళంతా కారం పూసినట్టయింది. "నా చెవికి అందనిది నీ చెవికి అందిందా భాయ్? బాల్ జాయింట్ చక్కగున్నది. అది పోయిందంటే ఈ రోడ్డు మీద నేను పానా పట్ట" అన్నాను. పానా అంటే స్పానరు. మెకానిక్ వేయకూడని ఒట్టు. అందరూ హో అన్నారు. కరీం భాయ్ టీ తాగేసి వెళ్ళిపోయాడు.

సరే, దసరా వచ్చింది. మా షెడ్డులో ఆ రోజు ఒక పద్ధతి ఉంది, మా నాయన పెట్టింది. ముందురోజే పానాలు, సుత్తులు, సబ్బలు, జాకీ అన్నీ కిరోసిన్‌తో కడిగి తుడుస్తాం. దసరా పొద్దున బల్ల మీద ఎర్రగుడ్డ పరిచి, వాటిని పేర్చి, పసుపు, కుంకుమ పెట్టి బంతిపూలు వేస్తాం. ఒకసారి పూజలో పెట్టాక మరునాడు కొబ్బరికాయ కొట్టి లేపేదాకా వాటిని ముట్టకూడదు. చిన్నప్పుడు పూజలో ఉన్న సుత్తిని ఆడుకోవడానికి తీశానని మా నాయన నా వీపు పగలగొట్టాడు. ఆ దెబ్బలు ఇప్పటికీ గుర్తే. గిరాకీలందరూ తమ బండ్లు కడిగి, పూలదండలు వేసి మా షెడ్డు ముందే పూజ చేయించుకునేవాళ్ళు.

యాకయ్య తన కారును తళతళలాడేలా కడుక్కుని తెచ్చాడు. సరోజన వచ్చింది. కొత్త ఆకుపచ్చ చీర. బతుకమ్మ పూలు తెంపి తెంపి ఆమె వేళ్ళకు ఇంకా రంగు ఉంది. మౌనిక బతుకమ్మకని నర్సంపేటలో చిన్నమ్మ ఇంటికి పోయి ఇంకా రాలేదు. ఆ పిల్ల అక్కడ ఉండిపోవడం ఒక్కటే ఆ రోజు జరిగిన మంచి. సరోజన కారుకు హారతి ఇచ్చింది. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టాను. చుట్టూ బండ్లు ఉండటంతో కారు సూటిగా పోవడానికి చోటు లేదు. యాకయ్య స్టీరింగు కుడికి మొత్తం తిప్పి మెల్లగా వదిలాడు. నేను కుడి మడ్‌గార్డు మీద చెయ్యి వేసి దారి చూపిస్తున్నాను. నిమ్మకాయ పచ్చడి అయింది. అప్పుడు వినపడింది.

టక్.

చెవితో విన్నానా, అరచేతితో విన్నానా చెప్పలేను. రెండింటితోనూ. మిగతా చప్పుళ్ళన్నీ ఒక్కొక్కటే తీసేశాను కదా, ఇక అడ్డం లేదు. అది గూట్లో గుండు కదిలిన చప్పుడు. నాకు అనుమానం కాదు. తెలిసింది. నా పేరు నాకు తెలిసినంత స్పష్టంగా తెలిసింది. సరోజన నవ్వుతూ నా చేతిలో కొబ్బరి ముక్క పెట్టింది. తిన్నాను. దాని తీపి గుర్తుంది. ఎంత నీచం చూడండి, కొబ్బరి తీపి గుర్తుంది.

మధ్యాహ్నం షెడ్డులోనే మటన్, కల్లు. యాకయ్యకు గ్లాసు పోసింది నేనే. ఒకటే తాగాడు, బండి నడపాలన్నాడు. ఇంకోటి పోయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. ఎందుకు పోశాను? వాడి మొహం చూడలేక ఏదో ఒకటి చేస్తూ ఉండాలని పోశాను. వాళ్ళు సాయంత్రానికల్లా తొర్రూరులో సరోజన తల్లిగారింటికి చేరాలి. బయల్దేరే ముందు వాడు నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, ఇంక జర చప్పుడొస్తాంది. మల్లొకపారి చూస్తవా?"

"పానాలు పూజల ఉన్నయి గదరా. రేపు చూస్త."

"పోవచ్చా మరి?"

"పో. నేను చెప్తాన గద. ఏం ఫికర్ లేదు. మెల్లగ పో."

సరోజన కారులోంచి, "మీ తమ్మునికి అనుమానం ఎక్కువ బావా" అని నవ్వింది. యాకయ్య కూడా నవ్వి, ఈ సాయంత్రం జమ్మి తొర్రూరులోనే, నీకు రేపొచ్చి పెడతానన్నాడు. మా దిక్కు దసరా సాయంత్రం జమ్మి ఆకును బంగారమని పెద్దవాళ్ళ చేతిలో పెట్టి, కాళ్ళు మొక్కి, అలాయి బలాయి అని కావలించుకుంటారు. కారు కదిలింది. రోడ్డెక్కుతుంటే వెనక అద్దంలో సరోజన తలలోని పూలు కనిపించాయి. మెల్లగా పొమ్మన్నాను. ఏమీ కాదని నిజంగా నమ్మినవాడు మెల్లగా పొమ్మని ఎందుకంటాడు? ఈ ఒక్క ప్రశ్న నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో.

తొర్రూరు చేరలేదు. ఊళ్ళు దాటాక పత్తి చేల మధ్య ఒక కల్వర్టు దగ్గర కారు పక్కకు లాగి గోడకు గుద్దుకుంది. ఫోన్ వచ్చి నేను బండేసుకుని పోయేసరికి సరోజనను చీర కొంగుతోనే కప్పి పడుకోబెట్టారు. యాకయ్యను అప్పటికే దవాఖానకు తీసుకుపోయారు. నేను కారు దగ్గరికి నడిచాను. కుడి చక్రం లోపలికి మడుచుకుని పడి ఉంది. గుండు గూట్లోంచి ఊడి బయట వేలాడుతోంది. ఒకవైపు అరిగి అద్దంలా మెరుస్తోంది. గుద్దుకుంటే విరిగిన ఇనుము అలా మెరవదు. దాన్ని చదవగలిగినవాణ్ణి ఆ గుంపులో నేనొక్కణ్ణే. వాడి నోట్లో కల్లు వాసన మాత్రం అందరూ పసిగట్టారు. కేసు రాసుకోవడానికి వచ్చిన పోలీసాయన నన్నే అడిగాడు, చక్రం గుద్దుకోవడం వల్లనే విరిగిందా అని. మెకానిక్‌నని ఎవరో చెప్పారు మరి. అవును సార్ అన్నాను.

దవాఖానలో యాకయ్యకు రెండు రోజులకు సోయి వచ్చింది. పక్కటెముకలు విరిగాయి, ఎడమ చెయ్యికి పట్టీలు. నేను పోయేసరికి సరోజన సంగతి చెప్పేశారు. నేను పక్కన కూర్చున్నాను. వాడు పైకప్పు చూస్తూ పడుకుని ఉన్నాడు. నావైపు తల తిప్పి అడిగాడు.

"అన్నా. బండిల ఏమన్న ఉండెనా?"

ఇదిగో, ఇదే. ఇన్నేళ్ళూ నేను పక్కకు నెడుతూ వచ్చింది ఈ క్షణాన్నే. పొద్దున టక్ విన్నప్పుడు భయపడ్డాను, సరే. మధ్యాహ్నం పొమ్మన్నప్పుడు దేవుడి మీద భారం వేశాను, సరే అనుకోండి. కానీ ఇప్పుడు పోయేది పోయింది, దాచి నేను కాపాడేది ఏముంది? ఒక్క మాట చాలు వాడికి. వాడు ఆ మాట కోసమే అడుగుతున్నాడు.

"ఏం లేకుండె తమ్మీ. బండి మంచిగనే ఉండె."

"అయితె తాగి నేనే సంపుకున్ననా?"

నేను ఊ అనలేదు. ఊహూ అని కూడా అనలేదు. తల దించుకున్నాను. వాడు దాన్ని ఊ అనే అనుకున్నాడు. గోడవైపు తిరిగాడు. ఆ రోజు నుంచి వాడు కల్లు ముట్టలేదు, స్టీరింగు ముట్టలేదు. కేసు నడిచింది, లైసెన్సు పోయింది. ఒక పత్తి మిల్లు గేటు దగ్గర వాచ్‌మెన్‌గా కూర్చున్నాడు. మౌనికను నర్సంపేటలో చిన్నమ్మ తన దగ్గరే ఉంచుకుంది. తాగి తల్లిని చంపినవాడి ఇంటికి పిల్లను పంపనన్నది. ఆమెను తప్పు పట్టలేను. పిల్ల పెద్దదయ్యాక తనే రానన్నది. వాడు పండుగలకు ఆ ఇంటి ముందు నిలబడి నిలబడి వచ్చేవాడు. తలుపు తెరిచేవాళ్ళు కాదు. వాడు కూడా గట్టిగా కొట్టేవాడు కాదు, నాకు అది పడవలసిందే అనేవాడు.

ప్రతి దసరా సాయంత్రం మాత్రం వాడు మొట్టమొదట నా దగ్గరికే వచ్చేవాడు. జమ్మి ఆకు నా చేతిలో పెట్టి, వంగి నా కాళ్ళు మొక్కేవాడు. తర్వాత గట్టిగా కావలించుకునేవాడు. ఊరంతా ఉమ్మేసిన్రు, నువ్వొక్కనివే ఒక్క మాట అనలే అన్నా, అనేవాడు. వాడి గడ్డం నా భుజానికి గుచ్చుకునేది. ఆ జమ్మి ఆకును ఏం చేయాలో నాకు ప్రతి ఏడూ తెలిసేది కాదు. పారేయలేను. దేవుడి దగ్గర పెట్టలేను. జేబులో వేసుకుంటే చొక్కా ఉతుకులో పొడి పొడి అయ్యేది, నా భార్య దులుపుతూ తిట్టేది. పండుగ వారం ముందునుంచే నాకు అన్నం సయించేది కాదు. వాడి అడుగుల చప్పుడు వినపడితే, షెడ్డు వెనక తలుపు గుండా పోదామా అనిపించేది. పోలేకపోయేవాణ్ణి.

నాకు నేను ఒక సమాధానం చెప్పుకునేవాణ్ణి. పానాలు పూజలో ఉండె, ఎట్లా ముట్టేది? పెద్దల పద్ధతి. నా చేతులు కట్టేసి ఉన్నాయి. ఏళ్ళ తరబడి ఈ మాటే పట్టుకుని నిద్రపోయాను. మీకు కూడా అది కొంత నిజమే అనిపించి ఉంటుంది, పైన రాసినప్పుడు అలా అనిపించేలాగే రాశాను. ఒక సంగతి అక్కడ చెప్పలేదు. ఆ దసరా రోజు రోడ్డవతల కరీం భాయ్ షెడ్డు తెరిచే ఉంది. పండుగ ప్రయాణాల్లో పంక్చర్ బండ్లు వస్తాయని ఆయన ఏటా తెరుస్తాడు. ఆయన పానాలు పూజలో లేవు. నేను టక్ విన్న క్షణంలో అటునుంచి సుత్తి చప్పుడు కూడా విన్నాను. రోడ్డు దాటి, "భాయ్, నువ్వన్నదే నిజం, ఈ బాల్ జాయింట్ మార్చు" అంటే ఆయన సంతోషంగా మార్చేవాడు. గంట పని. కానీ టీ కొట్టు దగ్గర వేసిన ఒట్టు ఉంది, నవ్విన మొహాలు ఉన్నాయి. నా చెవి పేరు ఉంది. పానాలు పూజలో లేకపోయినా నేను విప్పేవాణ్ణి కాదేమో. పూజ నాకు దొరికిన సాకు. సరోజన నా పొగరుకు చచ్చిపోయింది. ఈ వాక్యం రాయడానికి నాకు ఇన్ని ఏళ్ళు పట్టింది.

కిందటేడు మౌనికకు కొడుకు పుట్టాడు. పిల్లవాణ్ణి తొట్టెలలో వేసే పండుగకు తన తండ్రిని పిలవలేదు. యాకయ్య పిల్లవాడికి వెండి కడియాలు కొని, నా దగ్గరికి తెచ్చి, "నువ్వు ఇయ్యి అన్నా. నీ మాటంటె పిల్లకు గౌరవం" అన్నాడు. తీసుకుని నర్సంపేట పోయాను. మౌనిక నాకు కుర్చీ వేసింది, నీళ్ళిచ్చింది, పెద్దమ్మ మంచిగున్నదా అని అడిగింది. తల్లి పోలికే, నవ్వితే మరీ. కడియాల పొట్లం ముందు పెట్టాను. ఎవరిచ్చారో చెప్పగానే మొహం మారిపోయింది.

"మా అమ్మను సంపిన చేతులతోని కొన్నయి నా కొడుక్కు వద్దు పెద్దబాపు. తీస్కపో."

ఆ చేతులు నా మోకాళ్ళ మీదే ఉన్నాయి. ఆమె వాటివైపే చూస్తూ అన్నట్టు అనిపించింది. ఆమె ఇచ్చిన నీళ్ళ గ్లాసు ఆ చేతుల్లోనే ఉంది. అక్కడే చెప్పవలసింది. నోరు రాలేదు. పొట్లం పట్టుకుని బస్సెక్కాను. బస్సు గుంతలో పడినప్పుడల్లా ఎక్కడో ఒక రేకు కటకటలాడింది, అది ఏ రేకో నా బుర్ర తనంతట తను వెతుకుతోంది. నన్ను చూస్తే నాకే రోత పుట్టింది. బస్సు దిగి ఇంటికి పోకుండా యాకయ్య గదికి నడిచాను.

వాడు మిల్లు నుంచి అప్పుడే వచ్చి బియ్యం కడుగుతున్నాడు. పొట్లం చూడగానే అర్థమైంది, ఏమీ అడగలేదు. నేను నిలబడే చెప్పాను. నిమ్మకాయ, టక్, టీ కొట్టు ఒట్టు, కరీం భాయ్, మెరిసిన గుండు, అన్నీ. మధ్యలో ఏడుపొచ్చింది, ఏడవడానికి నాకేం హక్కుందని ఆపుకున్నాను. వాడు గిన్నెలో చెయ్యి అలాగే పెట్టుకుని విన్నాడు. చివరికి రెండే ప్రశ్నలు అడిగాడు. "నేను తాగకపోయినా అట్లనే అయితుండెనా?" అన్నాడు. అయితుండె అన్నాను. "దవాఖానల నేను అడిగిననాడు నీకు ఎరుకేనా?" అన్నాడు. ఎరుకే అన్నాను. వాడు బియ్యం నీళ్ళు వంపేశాడు. గిన్నె పక్కన పెట్టాడు. చెయ్యి లుంగీకి తుడుచుకుని పొట్లం తీసుకున్నాడు. "ఇగ నువ్వు పో" అన్నాడు. అన్నా అనలేదు. కొడతాడనుకున్నాను, కొడితే బాగుండుననుకున్నాను. కొట్టలేదు.

యాకయ్య పోయి చెప్పినట్టున్నాడు, కొన్నాళ్ళకు మౌనిక ఫోన్ చేసింది. పెద్దబాపు అనలేదు. మా బాపును ఎవరెవరి ముందట తాగుబోతన్నరో, వాళ్ళందరి ముందట నువ్వే చెప్పాలె, ఒక్కొక్కరికి, అంది. ఫోన్ పెట్టేసింది. అదే చేస్తున్నాను. మొదట కరీం భాయ్ దగ్గరికి పోయాను. ముసలివాడైపోయాడు, షెడ్డు ముందు మంచం వేసుకుని కూర్చుంటాడు. తస్బీ జపమాల పూసలు తిప్పుతూ విన్నాడు. "నా షెడ్డు తెరిచే ఉండె గదరా" అన్నాడు, అంతే. తర్వాత టీ కొట్టు దగ్గర చెప్పాను. సరోజన చెల్లెలికి చెప్పాను, ఆమె నా మొహాన తలుపేసింది. నా భార్యకు చెప్పాను. ఆమె ఆ రోజు వంట చేయలేదు, ఇప్పటికీ నాతో పూర్తిగా మాట్లాడటం లేదు. గిరాకీలు తగ్గారు. తగ్గాలి.

ఈ దసరాకు కూడా పానాలు పూజలో పెట్టాను. పెట్టాలా వద్దా అని చాలాసేపు ఆలోచించి పెట్టాను. ఎవరూ బండ్లు తేలేదు. సాయంత్రం షెడ్డు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాను. జనం కొత్త బట్టలు కట్టుకుని జమ్మికి పోతున్నారు. ఆ గుంపులో యాకయ్య వచ్చాడు. తెల్లటి కొత్త చొక్కా. భుజం మీద పిల్లవాడు. వెనక మౌనిక, ఆమె భర్త. పిల్లవాడి చేతులకు వెండి కడియాలు, తాత జుట్టు పట్టుకుని లాగుతున్నాడు. యాకయ్య నన్ను చూశాడు. ఆగలేదు. మొహం తిప్పుకోలేదు కూడా. నన్ను పూర్తిగా చూసి, రోడ్డు అవతలి పక్కకు మారి, నడుచుకుంటూ పోయాడు.

చీకటి పడేదాకా కూర్చున్నాను. ఎవరూ నా చేతిలో జమ్మి పెట్టలేదు. ఖాళీ అరచెయ్యి ఒళ్ళో పెట్టుకుని చూసుకున్నాను. బాధ ఉంది, లేదనను. యాకయ్య లాంటి తమ్ముడు ఇక నాకు లేడు. కానీ ఇన్నేళ్ళలో మొదటిసారి దసరా నాడు ఆకలేసింది. నాకు చెందని బంగారం నా చేతిలో లేదు, అందుకేనేమో. ఆ శబ్దం పోతుందని ఆశపడ్డాను, పోలేదు. షెడ్డు తలుపుకు గడియ వేస్తుంటే మళ్ళీ వచ్చింది. ఎప్పటిలా ఉలిక్కిపడ్డాను. కాకపోతే ఈసారి నాకు నేను ఏ సాకూ చెప్పుకోలేదు. విన్నాను. ఆ పొద్దున నేను విన్నాను.